ముందే బయల్దేరిన పాస్‌పోర్టు

1993 అక్టోబరులో నన్ను మా థర్మల్ ప్లాంటు అకౌంట్స్ విభాగం నుంచి పర్సనల్ విభాగానికి మార్చారు. హోదా అసిస్టెంట్ పర్సనల్ ఆఫీసరు. చేతికిచ్చిన పని విదేశీ ప్రయాణాలు. ప్లాంటు కృష్ణ ఒడ్డున ఉంది, మా ఇల్లు రాయచూరులో. పొద్దున స్టాఫ్ బస్సెక్కి పోవడం, సాయంత్రం అదే బస్సులో రావడం, ఇదే నా ప్రయాణమంతా. అప్పటికి నాకు పాస్‌పోర్టు కూడా లేదు. ఇప్పటికీ లేదనుకోండి. అయినా రిటైరయ్యేదాకా నేను సర్దిపంపిన మనుషులు చాలా దేశాలు తిరిగొచ్చారు.

ఈ పని ఎట్లా నడిచేదో కొంచెం చెప్పాలి. ఇంజనీర్లను విదేశాలకు పంపేది షికారుకు కాదు. యంత్రం కొన్నా, బాగుచేయించినా, అది అక్కడి ఫ్యాక్టరీ దాటే ముందు మనవాడొకడు నిలబడి పరీక్ష చూసి దస్తఖత్ పెట్టాలి. అందుకు ముందు పైనుంచి నామినేషన్ రావాలి. తర్వాత పాస్‌పోర్టు తీసుకోవడానికి మా ఆఫీసు నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. పాస్‌పోర్టు వచ్చాక అవతలి ఫ్యాక్టరీ నుంచి ఆహ్వాన పత్రం తెప్పించాలి. అందులో మనిషి ఎందుకు వస్తున్నాడు, ఎన్నాళ్లుంటాడు, ఖర్చు ఎవరిది అన్న మూడు సంగతులూ స్పష్టంగా ఉండాలి. ఒక్కటి తగ్గినా కాన్సులేటు కాగితాలు తిప్పి పంపుతుంది. ఆ తర్వాతే వీసా, డబ్బు మార్పిడి, టికెట్టు.

వీసాల్లోనూ రకాలున్నాయి. మావాళ్లకు కావలసింది బిజినెస్ వీసా. ఎందుకు పోతున్నావని అడిగితే "పని చేయడానికి" అని జవాబిచ్చేవాళ్లు ఉండేవారు. కొంప మునిగినట్టే. పని చేయడానికైతే వేరే వీసా, దానికి నెలల తరబడి వేచి ఉండాలి. "పరీక్ష చూడడానికి పోతున్నా, చూసి తిరిగొస్తా" అని చెప్పాలని ఒక్కొక్కరినీ నా బల్ల ముందు కూర్చోబెట్టి బడిపిల్లల్లాగా వల్లె వేయించేదాన్ని. పాస్‌పోర్టు గడువు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో ఆరు నెలలైనా ఉండాలి. అందులో ఖాళీ పేజీలుండాలి. దాని నకలు వేరే సంచిలో పెట్టుకోవాలి. మందులుంటే డాక్టరు చీటీతో సహా తీసుకుపోవాలి. పచ్చడి సీసా వద్దంటే వినేవాళ్లు కారు. వినకపోతే కనీసం నూనె కారకుండా మూతికి మైనం వేయండనేదాన్ని. ఈ మాటలన్నీ చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

ఆ ఏడాది మా యూనిట్లలో ఒకదాని టర్బైన్ రోటరు బాగుచేయడానికి జర్మనీ పోయింది. టర్బైన్‌లో తిరిగే ఇరుసే రోటరు. అది లేక యూనిట్ మూలపడి ఉంది. ఎండాకాలం వచ్చేలోపు రోటరు తిరిగి రావాలి. జనవరి చివర్లో అక్కడ దాన్ని పూర్తి వేగంతో తిప్పి చూపిస్తామన్నారు. ఆ పరీక్ష చూడడానికి నర్సింహులు పేరు వచ్చింది.

నర్సింహులు టర్బైన్ విభాగంలో జూనియర్ ఇంజనీరు, డిప్లొమా చదివినవాడు. అంతవరకు మా ప్లాంటు నుంచి విదేశం పోయినవాళ్లంతా డిగ్రీ ఇంజనీర్లే. డిప్లొమా వాళ్లను పంపకూడదని ఏ రూలూ లేదు, రివాజు లేదంతే. ఆ రోటరు బేరింగుల సంగతి మొదటినుంచీ చూసింది అతనే కాబట్టి అతనే పోవాలని వాళ్ల విభాగం రాసింది. రూలు అడ్డం రాదని ఫైలు మీద రాసింది నేను. పైన ఇద్దరు ముగ్గురికి అది నచ్చలేదు. ఈసారి అతను ఏ కారణం చేతనైనా పోలేకపోతే ఇక డిప్లొమా వాళ్ల పేరు ఎవరూ ఎత్తరని నాకు బాగా తెలుసు, అతనికీ తెలుసు.

డిసెంబరు చివర్లో ఆహ్వాన పత్రం ఫాక్సులో వచ్చింది. నర్సింహులును పిలిచి కాగితాలన్నీ తెమ్మన్నాను. మర్నాడే తెచ్చాడు. ఫోటోలు సరిగ్గా ఉన్నాయి, ఫారాల మీద దస్తఖత్‌లు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. పాస్‌పోర్టు లేదు. రేపు తెస్తానన్నాడు. రేపూ అదే మాట. మూడోసారి నాకు ఒళ్లు మండింది. పోగొట్టుకుని ఉంటే ఆ ముక్క చెప్పు, పోలీసు ఫిర్యాదు ఇచ్చి కొత్తదానికి పెడదాం, నా దగ్గర దాగుడుమూతలు వద్దన్నాను.

అతను కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. "పోలే మేడం. పైలంగనే ఉన్నది. అది నాకంటె ముందే బయల్దేరింది" అన్నాడు.

విషయం ఇది. నర్సింహులును పెంచింది వాళ్ల పెద్దమ్మ ఈశ్వరమ్మ. రాయచూరు గంజ్ దగ్గర, అంటే మార్కెట్ యార్డు పక్కన, కిరాణా దుకాణం నడుపుతుంది. ఇంట్లో ఆమె మాటే మాట. డిసెంబరులో శుక్రమూఢం మొదలవుతుందని, అది ఫిబ్రవరి దాకా వదలదని అయ్యగారు చెప్పాడట. ప్రయాణం సరిగ్గా మూఢంలో పడుతోంది. అందుకని ఆమె మూఢం రాకముందే మంచి ముహూర్తం పెట్టించి ప్రస్థానం కట్టించింది. ప్రస్థానం మన ఇళ్లలో తెలిసిన సంగతే. మనిషి పోయే రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ఘడియలో అతని వస్తువు ఏదైనా మూటగట్టి, పోయే దిక్కున ఇంకొకరి ఇంట్లో పెడతారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. ఆ మూట తిరిగి ఇంటికి రాకూడదు.

మామూలుగా తువ్వాలో, ధోవతో కడతారు. ఈశ్వరమ్మ ఆలోచించింది. దేశం దాటే ప్రయాణానికి తువ్వాలేం సరిపోతుంది, అసలైన వస్తువు పాస్‌పోర్టే కదా అనుకుంది. దాన్ని బియ్యం, పసుపుకొమ్ము, వక్కతో కలిపి మూటగట్టించింది. విమానం ఎక్కే బొంబాయి పడమర దిక్కు కాబట్టి, ఆ దిక్కునే హట్టిలో బంగారు గని క్వార్టర్స్‌లో ఉండే నర్సింహులు మేనమామ ఇంటికి పంపించింది. పాస్‌పోర్టు మీద వీసా ముద్ర పడాలనీ, అందుకు దాన్ని ముందుగా కాన్సులేటుకు ఇవ్వాలనీ ఆమెకు తెలియదు. తెలిసిన నర్సింహులు ఆమెకు ఎదురు చెప్పలేకపోయాడు.

పోయి తెచ్చుకో అన్నాను. తల అడ్డంగా ఊపాడు. పెద్దమ్మ వద్దంటే పోవడం మానుకుంటా గానీ మూట వెనక్కి తేనన్నాడు. ఇన్ని కాగితాల కొండలు దాటి వచ్చి, చివరికి ఒక పసుపు మూట దగ్గర బోర్లా పడతామా అని నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ సాయంత్రమే బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా గంజ్‌కు పోయాను.

పత్తి బళ్లతో రోడ్డు నిండి ఉంది. ఈశ్వరమ్మ దుకాణంలో మిరపకాయలు తూస్తోంది. నేనెవరో చెప్పగానే స్టూలు వేసి కూర్చోబెట్టింది, చాయ్ తెప్పించింది. నేను వీసా అంటే ఏమిటో, పాస్‌పోర్టు ఎందుకు కావాలో చెప్పాను. నీళ్లు నమలకుండా చెప్పాను. పాస్‌పోర్టు రాకపోతే పిల్లవాడి అవకాశం పోతుందన్నాను. ఆమె తూకం ఆపి అంతా విన్నది.

"నువ్వు చెప్పేది నాకు సమజైంది బిడ్డా," అంది. "మా ఆయన సోలాపూర్ మిల్లుల కొలువు దొరికిందని మూఢంల బయల్దేరిండు. ప్రస్థానం లే, ఏం లే. ఆడికి పోయినంక కామెర్లు అయినయ్. మనిషి మల్ల రాలే. మూఢంల పోయినందుకే పోయిండా అని నన్నడగకు, నాకు తెల్వదు. గానీ ఇంకో మనిషిని నేను అట్ల పంప."

ఆమె ఏడవలేదు, గొంతు కూడా మారలేదు. సరుకు ధర చెప్పినట్టే చెప్పింది. అందుకే నాకు ఇంకా బాధేసింది. అప్పటిదాకా ఉన్న కోపం అక్కడే పోయింది. పట్టుదల మాత్రం పోలేదు, నేను పుట్టడమే మొండిగా పుట్టానని మా అమ్మ అనేది.

చాయ్ తాగుతూ ఆలోచించాను. నా ఉద్యోగమంతా రూళ్లతోనే. ఎవరైనా "రూలు ఒప్పుకోదు" అంటే నేను మొదట అడిగేది రూలు అసలు ఏమంటుందని. ఈమెనూ అదే అడిగాను. మూట వెనక్కి రావద్దు, ఒప్పుకున్నాను. ముందుకు పోవచ్చా అన్నాను.

ఆమె నావైపు వింతగా చూసింది. "ముందటికి ఎందుకు పోవద్దు? పోనీకే గదా కట్టింది. ఒక్క తావున ఎక్కువ దినాలు ఉంచొద్దు, మజిలీ మార్చాలె అని అయ్యగారు గూడ చెప్పిండు" అంది.

ఇంకేం కావాలి. హట్టి నుంచి పాస్‌పోర్టు రాయచూరుకు రాదు. హట్టి నుంచి లింగసుగూరు, అక్కడినుంచి బిజాపూరు, సోలాపూరు మీదుగా కాన్సులేటు ఉన్న బొంబాయికే పోతుంది. నర్సింహులు దాన్ని బొంబాయిలోనే అందుకుంటాడు. ఇట్లా అయితే సరేనా అని అడిగాను. సోలాపూరు పేరు వినగానే ఆమె తక్కెడలోని మిరపకాయలు మళ్లీ గంపలో పోసేసింది. నేను నోరు జారానేమో అనుకున్నాను. తర్వాత, "పోనీ. ఆ ఊరు దాటి పోనీ" అంది.

ఆఫీసులో ఇది అంత సులువు కాదు. మామూలుగా పాస్‌పోర్టులు మా ఆఫీసు మనిషి తీసుకుని రాయచూరులో బొంబాయి రైలెక్కేవాడు. వీసా పడ్డాక బొంబాయిలోని మా ట్రావెల్ ఏజెంటు వాటిని మాకు తిప్పి పంపేవాడు. అప్పట్లో విదేశీ డబ్బు ఎంత ఇచ్చిందీ బ్యాంకు పాస్‌పోర్టు చివరి పేజీలో రాసేది. ఆ రాత రాయచూరు బ్రాంచిలో జరిగేది. ఇప్పుడు అదీ బొంబాయి బ్రాంచికి మార్చాలి. దానికి ఒక ఉత్తరం, ఆ ఉత్తరానికి మేనేజరు అనుమతి. ఈసారి ఆఫీసు మనిషి బదులు నేనే పోతానని, నా టూరు ప్రోగ్రాములో "హట్టి మీదుగా బొంబాయి" అని రాసి ఆయన ముందు పెట్టాను.

మా మేనేజరు ధారవాడ వైపు మనిషి, మితభాషి. నేరుగా రైలుండగా ఈ చుట్టుతిరుగుడు ఎందుకని అడిగారు. అబద్ధం చెప్పే ఓపిక లేక ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. మూట హట్టిలో ఎవరింట్లో ఉందని అడిగారు. మేనమామ ఇంట్లో అంటే, అయితే పద్ధతిగానే పెట్టారని కన్నడంలో అని దస్తఖత్ పెట్టారు.

హట్టికి బస్సులో పోయాను. మేనమామ పగటి షిఫ్టులో ఉన్నాడు. ఆయన భార్య దేవుడి గూట్లోంచి మూట తీసింది. విప్పొద్దేమో అని సందేహించింది. కాన్సులేటు వాళ్లు బియ్యంతో సహా తీసుకోరమ్మా అన్నాను. ఆమె నవ్వి ముడి విప్పింది. ఆ రోజుల్లో పాస్‌పోర్టులో ఫోటో అంటించి, వివరాలు చేత్తో రాసేవారు. ఆ పేజీ మీద పసుపు మరక పడితే పాస్‌పోర్టు చెల్లదు, కొత్తది తీసుకోవడానికి టైము లేదు. అట్ట అంచు పచ్చబడింది. లోపల పేజీలు శుభ్రంగా ఉన్నాయి. ఎవరో బుద్ధిమంతులు ముందు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తర్వాత గుడ్డలో కట్టారు. నేను పాస్‌పోర్టు తీసుకుని, మిగిలిన మూట మళ్లీ కట్టించి అదీ నా సంచిలో వేసుకున్నాను. రెండూ కలిసే పోవాలని ఆమె కోరింది. కాదనడానికి నాకేం బరువు.

బొంబాయిలో ఏజెంటుకు కాగితాలిచ్చి, మూట కూడా అతని బీరువాలో పెట్టించి, అది ఏమిటని అడగొద్దని చెప్పి తిరిగొచ్చాను. ఇక అంతా సాఫీగా జరుగుతుందనుకున్నాను.

జనవరి రెండో వారంలో పొద్దున్నే ఏజెంటు ఫోన్ చేశాడు. కాన్సులేటువాళ్లు నర్సింహులును ఎదురుగా చూడాలంటున్నారు, మర్నాడు పన్నెండు లోపు రావాలి, రాకపోతే మళ్లీ తేదీ దొరికేసరికి రోటరు పరీక్ష అయిపోతుందన్నాడు. అంటే ఆ సాయంత్రమే రాయచూరులో రైలెక్కాలి. నేను టర్బైన్ ఫ్లోరుకు కబురు చేశాను. నర్సింహులు చేతుల గ్రీజు తుడుచుకుంటూ వచ్చాడు. విషయం చెప్పాను.

"ఇయ్యాల మంగళారం మేడం. అమాస" అన్నాడు.

నేను గోడ మీద క్యాలెండరు చూశాను. నిజమే. మూఢం ఒకటి, దాని మీద అమావాస్య, పైగా మంగళవారం. నమ్మకాలు లేని ఇంట్లో కూడా ఆ రోజు కొత్త పని మొదలుపెట్టరు. అప్పుడు నాకు నిజంగానే భయమేసింది. ఇంతదాకా లాక్కొచ్చిన బండి గడప దగ్గర ఆగేటట్టుంది. కాళ్లావేళ్లా పడైనా ఒప్పిద్దాం పద అని జీపు అడిగి అతన్ని వెంటబెట్టుకుని గంజ్‌కు పోయాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. పెద్దమ్మతో నువ్వేం మాట్లాడొద్దు, నేను మాట్లాడతానని అతనికి చెప్పాను.

దుకాణంలో నేను నోరు తెరిచి, సాయంత్రం రైలుకు పోవాల్సి వచ్చిందమ్మా, ఇవాళ అమావాస్య అని తెలుసు, మంగళవారమని తెలుసు, అయినా అని మొదలుపెట్టాను. ఈశ్వరమ్మ నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"అమాస అయితే ఏంది?" అంది. "వాడు బయల్దేరి నెల దాటింది. మూట హట్టి దాటింది, సోలాపూర్ దాటింది, బొంబాయిల కూసున్నది. ఇయ్యాల వాడు పోయేది ప్రయాణం కాదు బిడ్డా, తన సామాను దగ్గరికి పోతుండు. దానికి వారమేంది, తిథేంది?"

తర్వాత నర్సింహులు వైపు తిరిగి, నిలబడి చూస్తావేంది, పోయి స్నానం చెయ్యి అంది. పనిపిల్లను దుకాణంలో కూర్చోబెట్టి లోపలికి పోయి జొన్నరొట్టెలు మొదలుపెట్టింది. నేను కూడబలుక్కున్న మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ పంచాంగం ముట్టలేదు.

బొంబాయి నుంచి అటే విమానం ఎక్కాలి కాబట్టి సామాను మొత్తం సర్దాలి. అందరికీ చెప్పేవి అతనికీ చెప్పాను. లోపల ఉన్ని బనీను వేసుకో, కోటు సంచిలో అడుగున పెట్టకు, దిగగానే కావాలి. పల్లీల పొడి ప్యాకెట్టు సీలు చేసి మీద పేరు రాయి, లేకుంటే పొడి ఏమిటని అక్కడి కస్టమ్స్ వాళ్లు నిలబెడతారు. ఆహ్వాన పత్రం పెట్టెలో కాదు, చేతి సంచిలో ఉండాలి. ఎందుకు పోతున్నావంటే ఏమంటావు అని అడిగాను. "పరీక్ష చూసి తిరిగొస్త" అన్నాడు. తిరిగొస్త అన్నమాట గట్టిగా చెప్పమన్నాను, అక్కడ వాళ్లు వినేది ఆ మాట కోసమే.

ఈశ్వరమ్మ గడప దాకా వచ్చింది. "పైలం" అని ఒక్కమాటే అంది. అతను వీధి మలుపు తిరిగేదాకా నిలబడింది. అప్పుడు మాత్రం ఆమె చేయి తలుపు రెక్కను గట్టిగా పట్టుకుని ఉంది.

మర్నాడు కాన్సులేటులో అడిగింది నాలుగు ప్రశ్నలేనట. వీసా పడింది. డబ్బు రాత బొంబాయి బ్యాంకులోనే పూర్తయింది. నర్సింహులు మూట చేత్తో పట్టుకుని విమానం ఎక్కాడో, ఏజెంటు దగ్గరే వదిలాడో నేను అడగలేదు. రోటరు పరీక్షలో ఒక చోట కంపనం ఎక్కువుందని ఒప్పుకోక, సరిచేయించి మళ్లీ తిప్పించి, అప్పుడు దస్తఖత్ పెట్టాడు. ఎండలు ముదిరేలోపు యూనిట్ తిరిగింది. ఆ తర్వాత డిప్లొమా వాళ్ల పేర్లు నా ఫైళ్లలో మామూలుగానే వచ్చాయి, వాటి మీద ఎవరూ పేచీ పెట్టలేదు.

ఈ సంగతి నాకు నేర్పింది రెండు. మొదటిది పనికి సంబంధించింది. ఆనాటి నుంచి నామినేషన్ వచ్చిన ప్రతివాడినీ మొట్టమొదట అడిగేది, ఈ నిమిషంలో నీ పాస్‌పోర్టు ఎవరింట్లో ఉంది అని. "నా దగ్గరే" అన్న మాట నమ్మేదాన్ని కాదు, తెచ్చి బల్ల మీద పెట్టమనేదాన్ని. ప్రస్థానం కట్టేవాళ్లుంటే తువ్వాలు కట్టుకోండి, ధోవతి కట్టుకోండి, పాస్‌పోర్టు మాత్రం వద్దని చెప్పేదాన్ని. నవ్వినవాళ్లు కొందరు, తలొంచుకుని ఇంటికి పరుగెత్తినవాళ్లు కొందరు.

రెండోది, నియమం ఎవరిదైనా, కాన్సులేటుదైనా కిరాణా దుకాణం పెద్దమ్మదైనా, ఏది వద్దంటుందో తెలుసుకుని ఊరుకుంటే సగమే తెలిసినట్టు. ఏది ఒప్పుకుంటుందో కూడా అడగాలి. ఆ రోజు నేను హట్టి దారి కనిపెట్టానని గొప్పగా అనుకున్నాను గానీ, అమావాస్య నాడు మనిషిని గడప దాటించింది నేను కాదు. ఆమె నియమమే దాటించింది.